సజీవ శిలపై అనాహూతులైన అతిథులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



అద్దపు తొట్టిలో ఉప్పునీరు నింపి, అందు సముద్రజీవులను పెంచు అలవాటు అమెరికా, ఐరోపా ఖండములయందలి గృహములలో చాలకాలముగా ఉన్నది. నేడు మన దేశపు నగరములలోను అది కానవచ్చుచున్నది. ఈ సభలోనివారిలో అట్టి తొట్టి గలవారు అరుదు కావచ్చును. అయినను ఆ తొట్టిలోని ఒక చిన్న రాతిపై జరుగు వ్యవహారము, మనుష్యుడు తానెఱుగని ప్రాణిని చూచినపుడు ఏమి చేయవలెనను ప్రశ్నకు చక్కని ఉదాహరణము. ఇచ్చట తొందరపడినవానికి నష్టము, ఏమఱినవానికి నష్టము, ఒక్కొక్కచో ప్రాణాపాయము గూడ కలదు. కావున విషయము దూరదేశపుదైనను వినదగినది.

ఆంగ్లమున లైవ్ రాక్ అని పిలువబడు ఈ రాతిని తెనుగున సజీవ శిల యనవచ్చును. రాతికి ప్రాణము లేదు. అది చచ్చిన పగడపు జీవులు విడిచిన అస్థిపంజరము. అనగా ఒక విధమైన సున్నపురాయి. అలల తాకిడికి విఱిగి, లోతులేని నీటిలో పడి, ఏండ్ల తరబడి నానుచుండగా, దాని పైనను లోపలి రంధ్రములలోను నానావిధములైన ప్రాణులు కాపురము పెట్టును. చేపల విసర్జనములనుండియు, మిగిలిపోయిన మేతనుండియు నీటిలో అమోనియా పుట్టును. అది చేపలకు విషము. రాతి పైపొరలలో ప్రాణవాయువుతో జీవించు సూక్ష్మజీవులు ఆ అమోనియాను మొదట నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. ప్రాణవాయువు చొరని రాతిగర్భమున వేఱొక తెగ సూక్ష్మజీవులు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి విడిచివేయును. ఇట్లు ఆ రాయియే తొట్టికి శుద్ధియంత్రము. ఇండొనీషియాలోని జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ అను నతడు ఇట్టి రాళ్ళతోను, గాలిబుడగలతోను మాత్రమే సముద్రపు తొట్టిని నిలుపవచ్చునని చూపి, 1961లో అమెరికా పత్రికయందు వ్యాసము ప్రకటించెను. ఆ పద్ధతియే క్రమముగా లోకమంతట వ్యాపించినది.

రాయి వచ్చినపుడు రాతితోపాటు దానిపై కాపురమున్నవారును వత్తురు. ఫిజీ, టోంగా, ఇండొనీషియా ద్వీపములనుండియు, అమెరికాలోని ఫ్లారిడా తీరమునుండియు ఈ రాళ్ళు దేశదేశములకు పోయినవి. తడి కాగితములలో చుట్టి, పెట్టెలలో సర్ది, విమానములలో పంపుదురు. సముద్రమును విడిచినది మొదలు మఱల ఉప్పునీటిలో పడువఱకు కొన్ని దినములు పట్టును. ఆ దినములలో సుకుమారమైన జీవులు చచ్చును. చచ్చినవి క్రుళ్ళగా పుట్టిన విషముచేత మఱికొన్ని చచ్చును. ఈ రెండు గండములను గడచినవే తొట్టిలో అడుగుపెట్టును. కావున ఈ అతిథులలో మొండిప్రాణములే ఎక్కువగా ఉండుట యాదృచ్ఛికము కాదు. ప్రయాణమే వానిని జల్లెడపట్టినది.

అనుభవజ్ఞులు క్రొత్త రాతిని నేరుగా చేపలున్న తొట్టిలో వేయరు. వేఱొక పాత్రలో, కదలుచుండు ఉప్పునీటిలో, కొన్ని వారములు నిలుపుదురు. అమోనియా, నైట్రైటులు లేవని పరీక్షించిన పిదపనే ప్రధానమైన తొట్టిలోనికి మార్చుదురు. అతిథులను గుర్తించుటకు తగిన కాలము ఇదియే. తొట్టిలో చేరి రాళ్ళ సందులలో దాగిన పిమ్మట వానిని పట్టుట ఎంత కష్టమో ముందు చెప్పబోవు ఉదాహరణమువలన తెలియును.

గుర్తించుట ఎట్లు? గట్టుమీద నిలిచి ఊహించి వ్రాసిన అడంగలు లెక్క తప్పును. చేలో దిగి చూచి వ్రాసినదే నిలుచును. ఈ రాతి విషయమును అంతియే. పగటివేళ నిర్జనముగా కనబడు రాయి అర్ధరాత్రివేళ తిరునాళ్ళవలె నుండును. ఎఱ్ఱని పలుచని కాగితము కప్పిన దీపముతో చూచినచో, పెక్కు జీవులు ఆ వెలుతురును లెక్కచేయక తమ పని తాము చేసికొనుచుండును. కనబడిన ప్రతిదానికి నాలుగు గడులు గీచి వ్రాసికొనవలెను. ఏనాడు, ఏ చోట కనబడినది? దేహము ఎట్టిది: కణుపులు గలదా, గుల్ల గలదా, కాడపై నిలిచినదా? ఎట్లు కదలినది? ఏమి తినినది? ఈ నాలుగింటిలో కడపటిది మిక్కిలి ముఖ్యమైనది. రూపమునుబట్టి తీర్పు చెప్పిన తప్పులు ఎక్కువ. ఆహారమునుబట్టి చెప్పిన తప్పులు తక్కువ.

మొదట అందఱును భయపడునది ముళ్ళ పురుగు. ఆంగ్లమున బ్రిసిల్ వర్మ్ అందురు. జెఱ్ఱివలె పొడవై, కణుపుకణుపునకు రెండు ప్రక్కల తెల్లని నూగు కుచ్చులు గలిగి, గులాబి లేక గోధుమ వన్నెతో నుండును. తాకినచో ఆ నూగు గొంగళిపురుగు నూగువలె చర్మమున గుచ్చుకొని మంట పుట్టించును. ఉదయమున తొట్టిలో చేప చచ్చి పడియుండ, దాని చుట్టు ఈ పురుగులు మూగియుండ చూచినవాడు, ఇవియే చంపినవని తీర్మానించి కనబడిన పురుగునెల్ల ఏరివేయును. కాని వీనిలో సామాన్యముగా వచ్చు యూరిథోయి మొదలగు జాతులు క్రుళ్ళిన మాంసమును, మిగిలిన మేతను తినునవి. చచ్చినదానిని తినునది చంపినది కానక్కఱలేదు. అవి లేకున్న ఆ శవము రాతి సందున క్రుళ్ళి నీటిని మఱింత విషము చేసెడిది. పంచతంత్రమునందలి అయిదవ తంత్రమునకు అపరీక్షితకారకమని పేరు. పామును చంపి బిడ్డను కాపాడిన ముంగిసను, దాని నోటి నెత్తురు చూచి బిడ్డను చంపినదని యెంచి కొట్టిచంపిన తల్లి కథ అందలిదే. ముళ్ళ పురుగుల విషయమున ఆ కథ అనేక గృహములలో మఱల మఱల జరుగుచున్నది.

అయితే పురుగులన్నియు సాధువులని నమ్ముటయు ప్రమాదమే. అట్లాంటికు, మధ్యధరా సముద్రములకు చెందిన హెర్మోడిస్ అను పురుగు పగడములను తినును. దాని నూగు కుచ్చుల ప్రక్క ఎఱ్ఱని కొమ్మల వంటి మొప్పలుండును. తలపై ముడతలుపడిన కండ యొకటి యుండును. ఇంతకంటె భయంకరమైనది యూనిస్ జాతి. తలపై అయిదు స్పర్శశృంగములు, ఇంద్రధనుస్సువలె మెఱయు దేహము, బలమైన దవడలు దాని గుఱుతులు. 2009లో ఇంగ్లండునందలి కార్న్‌వాల్ సీమలో, న్యూకీ పట్టణపు బ్లూ రీఫ్ జలజీవ ప్రదర్శనశాలలో పగడములు రాత్రివేళల తెగిపోవుచుండెను. కారణము తెలియక, తుదకు తొట్టిలోని రాళ్ళన్నిటిని ఒక్కొక్కటిగా తీసి చూడగా, సుమారు నాలుగడుగుల పొడవు గల పురుగు బయటపడినది. అది రాతితోపాటు పిల్లగా వచ్చి లోపల పెరిగినదై యుండునని వారు తలంచిరి. కావున కణుపులు చూచి నిలిచిపోక, తలను చూడవలెను. శృంగములు అయిదు ఉన్నవా, దేహము మెఱయుచున్నదా అను రెండు ప్రశ్నలే శత్రువును మిత్రుని వేఱుచేయును.

ఇక పీతలు. తొట్టి పెంపకందార్లలో ఒక వాడుక గలదు: దేహముపై నూగు, గోళ్ళ చివర నలుపు ఉన్నచో పీతను అనుమానింపుమని. ఇది చాలవఱకు పనికివచ్చు సూత్రము. అట్టి పీతలు నత్తలను, పగడములను, చిన్న చేపలను గూడ పట్టును. గోటి కొనలు వాడిగా ఉన్నచో మాంసాహారి యనియు, చెంచావలె పల్లముగా ఉన్నచో రాతిపై నాచును గీఱి తినునదనియు పోల్చుకొనవచ్చును. పచ్చని మిథ్రాక్యులస్ పీత ఈ రెండవ తెగది. గాజుగోళీలవలె మెఱయు వలోనియా అను బుడగ నాచును అది తినునని దానిని కోరి తెచ్చుకొనువారు గలరు. ఆ బుడగ ఎంత పెద్దదైనను ఒకే జీవకణమగుట సృష్టివింతలలో నొకటి.

పీతలలో మఱొక తెగ ట్రాపీజియా. గుబురుగా కొమ్మలు గల పగడముల నడుమ నివసించు ఈ చిన్న నున్నని పీతను చూచి, పగడమును కొఱుకుచున్నదని పెఱికివేసినవారు పెక్కండ్రు. వాస్తవమున అది ఆ పగడమునకు కావలివాడు. పగడములను తినివేయు ముండ్లకిరీటపు నక్షత్రచేప దగ్గఱకు వచ్చినచో, ఈ పీత తనకంటె ఎన్నో రెట్లు పెద్దదగు ఆ శత్రువు పాదములను గిల్లి తఱిమివేయును. విభీషణుడు శరణు జొచ్చినపుడు, రాక్షసకులమువాడని సుగ్రీవుడు శంకించెను. మాటతీరును ముఖభావమును పరిశీలించి హనుమంతుడు అనుకూలముగా పలికెను. తెగను చూచి శంకించుట తప్పుగాదు. శంకతోనే తీర్పు ముగించుట తప్పు.

రాతిలోనుండి టిక్కు టిక్కు మని ధ్వని వచ్చినచో రెండు జీవులలో నొకటి యుండవచ్చును. ఒకటి తుపాకి రొయ్య. దానికి ఒక గోరు మిగిలినదానికంటె చాల పెద్దది. ఆ గోటిని మూసి శబ్దము చేయును. అది సామాన్యముగా అపాయకరము కాదు. రెండవది మాంటిస్ ష్రింప్. పేరునకు రొయ్యయే గాని, దాని వంశము వేఱు. కాడల చివరనున్న కన్నులు దేనికది వేఱువేఱుగా తిరుగును. ముందరి చేతులు ప్రార్థించు మిడుతవలె మడిచియుండును. కొన్ని జాతులు చేతితో పొడుచును. కొన్ని సమ్మెటవలె కొట్టును. 2004లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కొలువగా, నెమలివన్నె గల యొక జాతి దెబ్బ సెకనుకు సుమారు 23 మీటర్ల వేగము గలదని తేలెను. అనగా గంటకు 80 కిలోమీటర్లకు పైమాట. ఆ వేగమునకు నీటిలో బుడగ పుట్టి పగులుటచే రెండవ దెబ్బయు తగులును. నత్తగుల్లలు, పీత పెంకులు దానికి లక్ష్యము లేదు. కావున ధ్వని విన్నంతనే రాతి రంధ్రమున వ్రేలు పెట్టరాదు. ఆ రాతిని ఉప్పు ఎక్కువగా కలిపిన నీటిలో కొన్ని నిమిషములు ముంచిన, అది తాళలేక బయటికి వచ్చుటయు కలదు. చంపనక్కఱలేదు, వేఱొక చిన్న తొట్టిలో దానిని ముచ్చటగా పెంచువారును ఉన్నారు.

తొట్టి పెంపకందార్లను మిక్కిలి వేధించునది ఐప్టేసియా అను సముద్రపుష్పము. పేరు పుష్పమైనను అది జంతువే. గోధుమవన్నె, పారదర్శకమైన కాడ, పైన సన్నగిలుచు పోవు పొడవైన తంతువులు. ఈ తంతువులతో కుట్టి ప్రక్కనున్న పగడములను బాధించును. గొట్టములో నివసించు విసనకఱ్ఱ పురుగును చూచి ఐప్టేసియా యని భ్రమపడుట కలదు. గొట్టపు నోటనుండి ఈకల వంటి కిరీటమును చాపి, నీడ పడినంతనే రెప్పపాటులో లోనికి లాగుకొనునది ఆ సాధువైన పురుగు. ఐప్టేసియా గొట్టము కట్టదు. దీనిని కోసి పాఱవేసినవాడు రక్తబీజుని కథ మఱచినవాడు. ఆ రాక్షసుని నెత్తుటి బొట్టు నేలపడిన ప్రతిచోట మఱొక రాక్షసుడు లేచినట్లు, ఐప్టేసియా పాదపు తునుక రాతిపై మిగిలిన ప్రతిచోట మఱొక ఐప్టేసియా పుట్టును. దీనికి విఱుగుడు ప్రకృతియందే గలదు. బెర్గియా యను చిన్న సముద్రపు నత్త ఐప్టేసియాను తప్ప మఱి దేనిని తినదు. అది తీరిపోయిన పిమ్మట ఆకలితో చచ్చును. ఎఱ్ఱచారల పెప్పర్‌మింట్ రొయ్యలును దీనిని తినును. తొట్టిలో శత్రువైన ఈ ప్రాణియే ప్రయోగశాలలో గురువైనది. పగడములవలె దీని దేహములోను సూక్ష్మమైన శైవలములు కాపురముండుటచేతను, సులువుగా పెరుగుటచేతను, పగడముల జీవనరహస్యమును శాస్త్రజ్ఞులు దీనియందు పరిశోధించుచున్నారు. దీని జన్యుపటము 2015లో ప్రకటింపబడినది.

ఇంతవఱకు చెప్పినవి పగడములకు, చేపలకు కలుగు నష్టములు. ఇప్పుడు చెప్పబోవునది మనుష్యప్రాణమునకు సంబంధించినది. రాతిపై బొత్తాముల వంటి గుండ్రని ముఖములతో, అంచున పొట్టి తంతువులతో, తోలువంటి మందమైన దేహముతో, ఇసుక రేణువులను తనలో ఇముడ్చుకొని గుంపులుగా పెరుగు జీవి పాలిథోవా. హవాయి ద్వీపములలో హానా యను చోట నీటిమడుగునందలి యొక నాచు మృత్యువు వంటిదనియు, దానిని తాకరాదనియు అచ్చటివారు తరతరములుగా చెప్పుకొనెడివారు. శాస్త్రజ్ఞులు పరిశీలింపగా అది నాచు గాదు, పాలిథోవా యని తేలినది. దానినుండి మూర్, షొయర్ అను శాస్త్రజ్ఞులు వేఱుచేసిన పాలిటాక్సిన్ అను విషమునుగూర్చి 1971లో ప్రకటించిరి. ప్రకృతిలోని అతితీవ్రమైన విషములలో అది యొకటి.

రాతిపై ఇట్టి గుంపు పెరిగినదని విసిగి, మరుగునీరు పోసియో, రాతిని ఉడికించియో, గట్టి కుంచెతో తోమియో వదల్చుకొన చూచినవారికి కలిగిన ఆపద ఇది: ఆవిరితోను తుంపరలతోను విషము గాలిలో కలిసి, ఇంటిలోనివారి ఊపిరితిత్తులలోనికి పోవును. జ్వరము, దగ్గు, ఊపిరాడకుండుట, నీరసము కలుగును. అమెరికాలోని అలాస్కా రాష్ట్రమున 2012 మొదలు 2014 వఱకు తొట్ల దుకాణములలోను గృహములలోను ఇట్టి సంఘటనలు జరిగినట్లు ఆ దేశపు ఆరోగ్యశాఖవారు 2015లో ప్రకటించిరి. రాతిని తాకినవానికే గాక, అదే ఇంటిలో నున్న ఇతరులకును బాధ కలిగినది. కావున సజీవ శిలను ఎన్నడును ఉడికింపరాదు. చేతికి తొడుగులు, కన్నులకు అద్దములు లేక ఈ జీవిని ముట్టరాదు. చేతికి గాయమున్నపుడు అసలే ముట్టరాదు. గుర్తించుట యనునది ఇచ్చట వినోదము గాదు, గృహస్థుని బాధ్యత.

ఇన్ని చిక్కులెందుకని, ఎండిన రాతిని మాత్రమే తెచ్చి వేయువారు నేడు పెక్కండ్రు. అట్టి రాతితో శత్రువులు రారు, మిత్రులును రారు. గులాబిరంగు పూతవలె రాతిని కప్పు సున్నపు శైవలములు, ఎనిమిది పలకల కవచము గల కైటన్, బల్లి తోకవలె పాదపు కొనను విడిచి తప్పించుకొను స్టొమటెల్లా నత్త, సందులను శుభ్రపఱచు పెళుసు నక్షత్రములు, చేపపిల్లలకు ఆహారమగు కంటికానని జీవులు అన్నియు ఆ పాత రాతితోనే వచ్చెడివి. సముద్రమునకు మాత్రము ఎండిన రాయియే మేలు. ఫ్లారిడా తీరమున సహజమైన రాళ్ళను తీయుట గత శతాబ్దపు చివరి దశాబ్దిలో నిషేధింపబడగా, అచ్చటివారు గనులలోని రాతిని సముద్రపు కౌలుభూములలో పఱచి, కొన్నేండ్లకు జీవులు పట్టిన పిమ్మట తీసి అమ్ముచున్నారు. ఇది విత్తి కోసికొనుట వంటిది. అడవిని నఱకుట వంటిది కాదు. మన దేశమున 2001లో రాతిపగడములు వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చబడినవి. మన్నారు సింధుశాఖలోగాని, అండమాను, లక్షద్వీపములలోగాని పగడపు దిబ్బలనుండి రాయి పగులగొట్టి తెచ్చుట నేరము.

తుదకు ఒక్క మాట. అతిథి ఇంటిలో నున్నంతవఱకు ఇంటివానికే చిక్కు. వీధిన పడినచో ఊరికి చిక్కు. 1984లో మొనాకోనందలి సముద్రశాస్త్ర ప్రదర్శనశాల ఎదుటి నీటిలో కౌలెర్పా అను తొట్ల నాచు సుమారు ఒక చదరపు మీటరు మేర కనబడెను. తరువాతి కాలమున అది మధ్యధరా సముద్రమున వేల ఎకరములకు వ్యాపించినది. అదే నాచు 2000లో కాలిఫోర్నియా తీరపు ఉప్పుకయ్యలో కనబడగా, వెంటనే గుర్తించి, పట్టాలు కప్పి, క్లోరిన్ ప్రయోగించి, 2006 నాటికి నిర్మూలించిరి. మొదటిచోట ఆలస్యము, రెండవచోట మెలకువ. తేడా అంతయు గుర్తించుటలోనే ఉన్నది.

ఇది పరదేశపు కథ యని తోచవచ్చును. కాని మన విశాఖపట్టణపు రేవులో అమెరికా ఖండపు ఉష్ణజలములకు చెందిన మిటిలాప్సిస్ అను చిన్న ఆల్చిప్ప 1967లో కనబడినది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఆచార్య పి. ఎన్. గణపతిగారును, వారి సహచరులును దానినిగూర్చి 1971లో ప్రకటించిరి. రాతిపై వచ్చినది గాకపోయినను, ఓడల అడుగున అంటుకొని వచ్చినదిగా భావింపబడు ఈ ఆల్చిప్పయు అనాహూతమైన అతిథియే. గుంపులుగా పెరిగి కొయ్యలను, ఇనుమును, గోడలను కప్పివేయును. అది విశాఖనుండి కదలలేదు. పిమ్మట బొంబాయి తీరమునను కనబడినది. 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవున ఈ తెగకే చెందిన ఆల్చిప్పను పరిశీలకులు కనుగొనగానే, పడవల రేవులను మూసివేసి, క్లోరినును మైలుతుత్తమును నీటిలో కలిపి, కొన్ని వారములలో నిర్మూలించిరి.

కావున ఉప్పునీటి తొట్టిగలవాడు దాని నీటినిగాని, రాతినిగాని, వద్దనుకొన్న జీవినిగాని కాలువలోను సముద్రములోను విడువరాదు. జీవులను మఱొక పెంపకందారునకు ఇయ్యవలెను. రాతిని సముద్రమున కలుపక, పాలిథోవా లేదని నిశ్చయించుకొనిన పిదప ఎండకు ఎండబెట్టవలెను. దుకాణములలో రాతిని కొనువారు పేరడిగి, పుట్టుచోటడిగి, అనుమతి పత్రమడిగి కొనవలెను. ఇంటికి తెచ్చిన రాతిని మొదటి పదునైదు రాత్రులు దీపముతో చూచి, చూచినది చూచినట్లు పుస్తకమున వ్రాసికొనవలెను. ఈ గ్రంథాలయమునందలి బాలబాలికలలో ఎవరైన ఒకనాడు సముద్రతీరపు కళాశాలలోనో, ఓడరేవులోనో ఉద్యోగము చేయవచ్చును. రేవు గోడపై ఎన్నడును చూడని గుల్ల యొకటి కనబడినచో, దానిని త్రోసివేయకయు, విడిచిపెట్టకయు, నాడు తేది వేసి వ్రాసికొని, తెలిసినవారికి చూపినచో చాలును. విశాఖ రేవున జరిగినది మఱొకచోట జరుగకుండుటకు అదియే ఆరంభము.